అత్తయ్య పలక

మొన్న దసరా ముందు ఇల్లు దులుపుకుంటూ అత్తయ్య ట్రంకు పెట్టె దించాం. వచ్చే సంక్రాంతికి ఆవిడ పోయి ఏడాది అవుతుంది. ఇన్నాళ్లూ ఆ పెట్టె మీద చెయ్యి వెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. పైన రెండు నేత చీరలు, వాటి కింద మామయ్యగారి ఎర్ర అట్ట జమాఖర్చుల పుస్తకాలు, గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు వాళ్లిచ్చిన చీటీల కట్ట, అన్నిటికీ అడుగున పాత తువ్వాల్లో చుట్టి పెట్టిన ట్యాబ్.

ఆ ట్యాబ్ సంగతి మీలో పాత పాఠకులకి గుర్తుండే ఉంటుంది. "మా అత్తగారు వేలితో తెలుగు రాస్తున్నారోచ్" అని అప్పట్లో ఇక్కడే గొప్పలు పోయాను. ఏం రాస్తున్నారో మాత్రం నాకూ తెలియదు. అడిగితే "రాసుకుంటున్నాలే అమ్మాయ్, నేను పోయాక చదువుకుందురు గానీ" అనేవారు. ఆ మాట అన్నప్పుడు నవ్వేశాం. తువ్వాలు విప్పాక గుర్తొచ్చింది.

ఇంట్లో ఉన్న ఛార్జర్లేవీ దానికి పట్టలేదు. ఇప్పటివన్నీ వేరే పిన్ను కదా. మా చిలకలూరిపేట బజార్లో వెతికి పాత పిన్ను ఛార్జరు తెచ్చారు మావారు. వెనక వైపు బ్యాటరీ కాస్త ఉబ్బి ఉంది. గంట తర్వాత వెలిగింది. తెర మీద తొమ్మిది చుక్కలు. తాళం.

సెల్ ఫోన్ల షాపులో కుర్రాడికి చూపిస్తే "రీసెట్ కొట్టేస్తే ఐదు నిమిషాల్లో ఓపెన్ అవుద్దండీ" అన్నాడట. మావారు సరేననబోయి, ఎందుకో నాకు ఫోన్ చేశారు. రీసెట్ అంటే పలక తుడిచెయ్యడమేనండీ, ముట్టుకోనివ్వకండి అని కేక పెట్టాను. సగం కూర పొయ్యి మీద మాడింది. మాడితే మాడింది.

అసలు సంగతి ఏమిటంటే, ఆ కాలపు ఆండ్రాయిడ్‌లో చుక్కల తాళం ఐదుసార్లు తప్పు గీస్తే ముప్పై సెకన్లు ఆగమంటుంది. మొత్తం ఇరవై సార్లు తప్పితే, ఇక చుక్కలతో పనిలేదు, గూగుల్ ఖాతాతో లోపలికి రమ్మంటుంది. పదేళ్ల నాటి ట్యాబ్, అత్తయ్య ఖాతా, పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. తెలిసినా అంత పాత ట్యాబ్ గూగుల్‌తో మాట్లాడగలదో లేదో. అంటే మాకున్నవి ఇరవై గీతలు. అందులో నాలుగు మావారు అప్పటికే షాపులో వాడేశారు.

ఆ గీత ఎలా దొరికిందో చెప్పేముందు ఈ పలక మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. అది మా ఒక్క ఇంటి కథ కాదు.

2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ 'ఆకాశ్' ట్యాబ్లెట్ విడుదల చేశారు. ప్రపంచంలోనే చవకైన ట్యాబ్ అని పేపర్లన్నీ రాశాయి. ప్రభుత్వానికి ఒక్కొక్కటి రెండు వేల మూడొందల లోపే పడింది. డేటావిండ్ అనే కంపెనీది. బిగించింది మాత్రం మన హైదరాబాదులో, క్వాడ్ ఎలక్ట్రానిక్స్ వాళ్ల ఫ్యాక్టరీలో. ఏడంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. తెర వేలు తగిలితే చాలదు, గట్టిగా నొక్కాలి. మావారు ఆ వార్త చదివి పిల్లాడికి ఒకటి బుక్ చేద్దామని తెగ ఉబలాటపడ్డారు.

నాకు వచ్చిన అనుమానం ఒకటే: తెలుగు కనిపిస్తుందా? దానిలో ఉన్నది ఆండ్రాయిడ్ 2.2. అందులో తెలుగు ఫాంటు లేదు, ఒత్తులూ గుణింతాలూ కలిపి చూపించే యంత్రాంగమూ లేదు. హైదరాబాదులో బిగించిన పలక మీద తెలుగు తెరిస్తే డబ్బాలే. మా బ్లాగుల వాళ్లందరికీ అప్పట్లో అదే ఏడుపు. "డబ్బాలు కనిపిస్తున్నాయండీ, ఏం చెయ్యాలి?" అని ఎంతమంది అడిగేవారో! కొన్ని కంపెనీలు సొంతంగా తెలుగు కలుపుకున్నాయి గానీ చవక సరుకులో ఆ భాగ్యం లేదు. ఒపెరా మినీ అనే బ్రౌజరులో ఒక మారుమూల సెట్టింగు ఉండేది. అది మారిస్తే అక్షరాలని వాళ్ల సర్వర్లోనే బొమ్మలుగా చేసి పంపేది. అక్షరం కాదు, అక్షరం ఫోటో. కాపీ చెయ్యడానికి లేదు, వెతకడానికి లేదు, చదువుకోవడానికి మాత్రం చాలు. నేను 'కూడలి'లో బ్లాగులు చాలాకాలం అలాగే చదివాను.

2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1తో గూగుల్ వాళ్ల అసలు సరుకులోనే తెలుగు, కన్నడ, మలయాళం చేరాయి. దేవనాగరి, తమిళం, బెంగాలీ అంతకుముందు 4.0లోనే వచ్చేశాయి. మనం ఎప్పుడూ రెండో పంక్తే అనుకోండి. ఏమైతేనేం, ఆ తర్వాత ఎంత చవక ట్యాబ్ కొన్నా అందులో తెలుగు ఉండేది.

మేం కొన్నది 2014 సంక్రాంతికి, గుంటూరులో. ఆ ఏడు మిరపకాయ బాగానే పలికింది. పేరూ ఊరూ లేని కంపెనీ, ఆండ్రాయిడ్ 4.2, ఐదు వేల లోపు. పెద్దాడి చదువుకని కొన్నాం. వాడు ఆటలు ఆడి, చార్జింగు పిన్ను వదులు చేసి, ఆర్నెల్లలో దాని మీద మోజు పోగొట్టుకున్నాడు. అది దేవుడి గూటి పక్కన పడి ఉంటే అత్తయ్య తీసుకున్నారు.

అత్తయ్య మార్టూరు పక్క పల్లెటూరి మనిషి. ఐదో తరగతి చదివారు. పుట్టినప్పుడు ఆ ఊరు గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అయింది, 1972లో దానికే ప్రకాశం అని పేరొచ్చింది, 2022 ఏప్రిల్లో బాపట్ల జిల్లాలో కలిసింది. "నేను గడప దాటకుండా నాలుగు జిల్లాలు తిరిగొచ్చా" అనేవారు. ఇప్పటికీ ఏదో ఒక వెబ్‌సైట్లో ఫారం నింపబోతే అందులో పదమూడు జిల్లాలే కనిపిస్తాయి, ఆవిడే గుర్తొస్తారు.

కీబోర్డు ఆవిడకి పట్టుబడలేదు. నేను లేఖినిలో రాసే పద్ధతి, అంటే ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు రావడం, ఆవిడ దృష్టిలో అడ్డదారి. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో మన తెలుగు విద్యార్థులు ఆర్.టి.ఎస్. పద్ధతి కనిపెట్టారనీ, మా రాతలన్నీ దాని పుణ్యమేననీ చెబితే, "తెలుగు రాయడానికి ఇంగిలీషు రావాలా? ఇదేం చోద్యమే" అన్నారు. సమాధానం లేదు నా దగ్గర.

2015 ఏప్రిల్లో గూగుల్ చేతిరాత యాప్ విడుదల చేసింది. ఎనభై రెండు భాషలు, అందులో తెలుగు. తెర మీద వేలితో 'అ' అని దిద్దితే 'అ' వచ్చేస్తుంది. మా ట్యాబ్ పాతదైనా అది ఎక్కింది. అత్తయ్యకి చూపించాను. మొదటి అక్షరం 'శ్రీ' రాశారు. శ్రీ అని వచ్చింది. ఆవిడ మొహం చూడాలి అప్పుడు! వెంటనే కొంగుతో తెర తుడిచారు, పలక తుడిచినట్టు. ఆ అలవాటు చివరిదాకా పోలేదు. ఒక్కో పదం రాసి, అది అచ్చులోకి మారాక, తెర ఒకసారి కొంగుతో తుడిచి రెండో పదం.

అప్పటికి ఆవిడకి అరవై నాలుగు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో కూర్చుని రాసేవారు. కొన్నిసార్లు యాప్ పాత పలుకుబడిని సరిదిద్దబోయేది, 'యిల్లు' అని రాస్తే 'ఇల్లు' చూపించేది. "నా యింటికి నువ్వెవరివే పేరు పెట్టడానికి" అని దానితో పోట్లాడేవారు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం వస్తే ఐఫోన్లు ఆగిపోతున్నాయని వార్తలొచ్చాయి, గుర్తుందా? యాపిల్ వాళ్లు 11.2.6 అని ప్రత్యేకంగా అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. ఆ వార్త చదివి వినిపిస్తే, ఆవిడ తన ఐదు వేల ట్యాబ్ మీద 'జ్ఞానం' అని రాసి అందరికీ చూపించి మురిసిపోయారు.

కళ్లకి శుక్లాలొచ్చాక, 2019లో అనుకుంటా, రాయడం మానేశారు. ట్యాబ్ పెట్టెలోకి వెళ్లిపోయింది.

ఆ తువ్వాల్లో అది నిద్రపోతున్న ఆరేళ్లలో బయట ఏం జరిగిందో ఇప్పుడు కూర్చుని లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంది. వస్తువుకి ఏమీ కాలేదు. తెర పగల్లేదు, నీళ్లు తగల్లేదు. చుట్టూ ఉన్న లోకమే ఒక్కో తలుపూ మూసుకుంటూ పోయింది. 2021లో గూగుల్ వాళ్లు 4.1 నుంచి 4.3 దాకా ఉన్న ఆండ్రాయిడ్‌లకి తమ ప్లే సర్వీసెస్ అప్‌డేట్లు ఆపేశారు. 2023 అక్టోబరు 24 నుంచి వాట్సాప్‌కి ఆండ్రాయిడ్ 5 అయినా ఉండాలన్నారు. ఇక వెబ్‌సైట్లు. ప్రతి సైటూ నేనే ఫలానా అని రుజువు చేసుకోవడానికి ఒక ధ్రువపత్రం చూపిస్తుంది. ఆ పత్రాలిచ్చే పెద్దమనుషుల జాబితా ట్యాబ్‌లో ముందే ఉంటుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అని, ఉచితంగా పత్రాలిచ్చే సంస్థ ఉంది, లెక్కలేనన్ని సైట్లు దాని మీదే నడుస్తాయి. దాని పేరు ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాతవాటి జాబితాలో లేదు. ఇంకో పాత సంస్థ పూచీకత్తు మీద కొన్నేళ్లు నెట్టుకొచ్చారు. ఆ పూచీ 2024 సెప్టెంబరు 30తో తీరిపోయింది. పెళ్లికి వచ్చిన చుట్టాన్ని గుమ్మంలో ఉన్నవాళ్లు గుర్తుపట్టకపోతే ఏమవుతుందో అదే. మా ట్యాబ్‌కి ఏ సైటు తెరిచినా "ఇది నమ్మదగినది కాదు" అనే గొడవ.

మన వైపు ఇలాంటి పలకలు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లి హైస్కూల్లో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టారు. రాష్ట్రం మొత్తం మీద పిల్లలకి 4,59,564, టీచర్లకి 59,176 అన్నారు. అందులో బైజూస్ పాఠాలు ముందే వేసి ఇచ్చారు. మరుసటి ఏడు అదే తేదీన చింతపల్లిలో రెండో విడత. ఊళ్లో మా తోటికోడలి కూతురికి మొదటి విడతలోనే వచ్చింది. పిల్లలు ఆటలూ సినిమాలూ పెట్టకుండా తాళం వేసిన సాఫ్ట్‌వేర్ ఉండేది అందులో. పిల్ల వరండాలో ట్యాబ్ పెట్టుకుని గుండె బొమ్మ కదులుతుంటే చూసి, వాళ్ల నాయనమ్మకి, అంటే మా అత్తయ్యకి, కవాటాలు ఎక్కడుంటాయో చెప్పింది. అత్తయ్య కళ్లజోడు సవరించుకుని విని, "దీంట్లో రాసుకోవడానికి చోటుందా?" అని అడిగారు. నాకు ఆ ప్రశ్న ఇప్పుడు అర్థమవుతోంది. 2024 జులైలో బైజూస్ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అనే రాజకీయం మన వంటింట్లోకి వద్దు గానీ, ఆ లక్షల పలకల్లో పిల్లలు ఏమైనా సొంతంగా రాసుకుని ఉంటే అది ఎవరైనా బయటికి తీసి పెట్టుకున్నారా అని మాత్రం అడగాలనిపిస్తుంది.

సరే, గీత దగ్గరికొద్దాం. పెద్దాడు ఫోన్లో "ఎల్ ఆకారం గీయమ్మా, అందరూ అదే పెట్టుకుంటారు" అన్నాడు. కాదు. జెడ్ కాదు. చతురస్రం కాదు. తొమ్మిది ప్రయత్నాలు అయిపోయాయి. మా చిన్నమ్మాయి ట్యాబ్ చేతిలో పెట్టుకుని "అమ్మా, నాయనమ్మకి ఎల్, జెడ్ ఏం తెలుసు? ఇవి చుక్కలు కదా" అంది.

మూడు చుక్కలు మూడు వరుసలు. రోజూ పొద్దున్నే గుమ్మం ముందు ఆవిడ వేసే చిన్న ముగ్గు. పండగలకి పెద్దవి వేసేవారు గానీ ఉత్తి రోజుల్లో అదే, చెయ్యి ఎత్తకుండా ఒక్క గీతలో. పాతికేళ్లు చూశాను, నాకు వెయ్యడం రాదు అని అప్పుడు తెలిసింది! ఎక్కడ మొదలుపెట్టేవారు? వెళ్లి నిజంగానే వాకిట్లో పిండితో చుక్కలు పెట్టి, ఆవిడలాగా వంగి, చెయ్యి ఎటు వెళ్తుందో చూశాను. కింద ఎడమ చుక్క దగ్గర మొదలు. రెండుసార్లు తప్పింది, పన్నెండోసారి తెరుచుకుంది.

ట్యాబ్‌తో పాటు వచ్చిన నోట్స్ యాప్‌లోనే రాశారు. నలభై ఒక్క నోట్లు. ఇంటర్నెట్‌లో ఎక్కడా దాచలేదు, ఈ ఉబ్బిన డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేవు. మెయిల్ పోదు, వాట్సాప్ లేదు. కంప్యూటర్‌కి తగిలిస్తే ఫోటోలు కనిపించాయి, నోట్లు కనిపించలేదు. వాటిని యాప్ తన గదిలో దాచుకుంటుందట. చివరికి పనిచేసింది బ్లూటూత్. ఒక్కో నోటూ తెరవడం, పంపు అనడం, నా ఫోన్లో సరే అనడం. బ్యాటరీ పది నిమిషాలకి మించి నిలవదు. ఛార్జింగులో పెట్టి వాడితే వేడెక్కుతోంది, అది ప్రమాదం అని మావారు పక్కన కాపలా. మూడు రోజులు పట్టింది.

నేను భయపడింది ఇంకోటుంది. డిగ్రీలో ఉండగా మా కాలేజీ పత్రికకి నేను రాసిన వ్యాసం ఫ్లాపీలో దాచుకున్నాను. అప్పటి డీటీపీ ఫాంటు అది. కొన్నేళ్లకి తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ తప్ప ఒక్క తెలుగు ముక్క లేదు. ఆ ఫాంటు లేకపోతే అది తెలుగే కాదు, ఎందుకంటే లోపల దాచుకున్నవి ఇంగ్లీషు అక్షరాల నంబర్లు, పైన తెలుగు ముసుగు. ఇది అలా కాలేదు. 1991లోనే యూనికోడ్‌లో మన అక్షరాలకి విడిగా నంబర్లిచ్చారు. అత్తయ్య వేలితో దిద్దిన 'శ్రీ' ఆ నంబర్లుగానే ఉండిపోయింది. నా కొత్త ఫోన్లో మొదటి నోటు తెరిస్తే ఒక్క ఒత్తు చెదరకుండా వచ్చింది. అందులో 'యిల్లు' యిల్లులాగే ఉంది. యాప్‌తో పోట్లాడి గెలిచారన్నమాట.

ఎక్కువ నోట్లు మనం అనుకునేవే. పండుమిరపకాయ పచ్చడి కొలతలు, ఎవరి పెళ్లికి ఎంత చదివించారో, పురుడు పోసిన మంత్రసాని పేరు. ఇరవై ఏడో నోటు పేరు 'తెల్లదోమ యేడు'.

1987-88 మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుకి ఎలాంటి ఏడో పెద్దవాళ్లకి తెలుసు. అంతకుముందు కొన్నేళ్లుగా అందరూ పత్తి, పత్తి. కొత్తగా వచ్చిన పైరెథ్రాయిడ్ మందులు పురుగుని చంపుతున్నాయని మళ్లీ మళ్లీ కొట్టారు. పురుగు మందుకి అలవాటు పడింది, తెల్లదోమని తినే మిత్ర పురుగులు చచ్చాయి, దోమ విరుచుకుపడింది. ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయారని పేపర్లలో వచ్చింది అప్పుడే. నేను చిన్నదాన్ని, ఏదో లీలగా గుర్తు. మావారు అప్పటికి పదేళ్లవారు. ఆ ఏడు గురించి ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. ఎర్ర అట్ట పుస్తకంలో ఆ ఏటి పేజీల్లో మామయ్యగారి చేతిరాతలో అప్పులు, వడ్డీ, మందుల కొట్టు బాకీ, 'గాజులు 4' అని ఒక జమ, అంతే ఉంది.

అత్తయ్య రాసిందాంట్లో కొంత ఇక్కడ పెడుతున్నాను. ఇంట్లో అందరినీ అడిగే పెడుతున్నాను.

"ఆకు పట్టుకుంటే చేతికి బంక. పైన నల్లగా మసి. డబ్బాలు డబ్బాలు కొట్టినా దోమ లేచి మళ్లీ వాలేది. పక్క వూళ్లో వొకాయన తాగాడని తెలిసిన రోజు సాయంత్రం మీ మామయ్య అన్నం తినలా. మందు డబ్బా పట్టుకుని బావి దగ్గర కూచున్నాడు. నేను పిల్లల్ని మా అత్త దగ్గర పండేసి వెళ్లి పక్కన కూచున్నా. యేమీ అడగలా. తెల్లారిందాకా కూచున్నాం. తెల్లారాక లేచి గేదెలకి నీళ్లు పెట్టాలి కదా అన్నా. డబ్బా నా చేతికిచ్చాడు. గాజులు ఆ రోజే తీసిచ్చా. యెవురికీ చెప్పలా. పిల్లలకి తెలియాలని రాస్తన్నా."

మావారికి నా ఫోన్ ఇచ్చాను. పెరట్లో అరుగు మీద కూర్చుని చదివారు. చాలాసేపటికి లోపలికొచ్చి, ఎర్ర పుస్తకం తీసి ఆ 'గాజులు 4' ఉన్న పేజీ వెతికి, ట్యాబ్ దాని పక్కన పెట్టి రెండూ కలిపి ఒక ఫోటో తీసుకున్నారు. తర్వాత వాళ్ల చెల్లెలికి ఫోన్ చేశారు. నేను వంటింట్లోకి వచ్చేశాను.

నలభై ఒక్కటీ ప్రింటు తీయించాం. ఇంటికో కాపీ చొప్పున నాలుగు కట్టలు. ప్రింటుకి ముందు చిన్నమ్మాయి కంప్యూటర్లో పెడుతుంటే యిల్లు, వొకాయన, యెవురికీ, అన్నిటి కిందా ఎర్ర గీతలు పడ్డాయి. "అమ్మా, ఇవి సరిచెయ్యనా?" అని అడిగింది. వద్దన్నాను. ఉబ్బిన బ్యాటరీ తీసేయించి షాపులోనే వదిలేశాం. ట్యాబ్‌ని మళ్లీ అదే తువ్వాల్లో చుట్టి పెట్టెలో పెట్టాను. దాని మీద ఎర్ర పుస్తకాలు, వాటి మీద ఒక ప్రింటు కట్ట, ఆ పైన చీరలు. పొద్దున్నే వాకిట్లో మూడు చుక్కల ముగ్గు ఇప్పుడు చిన్నమ్మాయి వేస్తోంది. నాకింకా మధ్యలో చెయ్యి ఆగిపోతోంది.